అట్టపెట్టెలోని కడ్డీ

నెస్టా కారు వయసు ముప్పై మూడేళ్లు.
రెండే సీట్లు, ముడుచుకునే గుడ్డ పైకప్పు.
వాన పడితే ఎడమ సీటు మోకాలి మీద మాత్రమే కారుతుంది.
ఆ సీటు నాది.

ఇడ్వాల్ షెడ్డులో పనికి చేరి అప్పటికి ఏడు నెలలు.
వేల్స్ కొండల్లో మార్చి అంటే
స్పానర్‌ని మనం పట్టుకుంటే
స్పానరే మనల్ని పట్టుకుని వదలని చలి.

"వెనక సబ్‌ఫ్రేమ్ బిగిస్తే
మలుపులో తేడా వస్తుందా, రాదా?
ఉన్నమాట చెప్పు" అంది.
ఇడ్వాల్ ఉన్నమాట చెప్పే మనిషే,
కాకపోతే టీ తాగడం అయ్యాక చెబుతాడు.
ఆ టీ ఒక్కోసారి వారం పడుతుంది.

నాకు అర్థమైనంత మటుకు సంగతి ఇది:
నేల మాట చక్రం వింటుంది,
సబ్‌ఫ్రేముకి చెబుతుంది,
సబ్‌ఫ్రేము రబ్బరుకి, రబ్బరు బండి ఒంటికి.
ముప్పై మూడేళ్లు విని విని
రబ్బరుకి చెవుడొచ్చింది.
మలుపు సగం దాటాక గానీ
వెనక భాగానికి మలుపు కబురు అందదు.
అందేలోగా నెస్టా స్టీరింగ్ ఇంకాస్త తిప్పేస్తుంది,
అప్పుడు రెండు జవాబులూ ఒకేసారి వస్తాయి.

కడ్డీ తెప్పించింది. నల్ల రంగు, ఆరు బోల్టులు.
బిల్లు చూసి ఇడ్వాల్ కళ్లజోడు తుడుచుకుని
మళ్లీ చూశాడు.
శుక్రవారం సాయంత్రం తాళాలిచ్చి
"తోలి చూడు" అన్నాడు. అంతే అన్నాడు.

గొర్రెల కంచె నుంచి పాత సీసం గని దాకా
నాలుగు మైళ్లు, పదిహేడు మలుపులు.
పక్కన నేను, చేతిలో స్టాప్‌వాచ్, మోకాలి మీద తడి.
తొమ్మిదో మలుపులో కేక పెట్టింది:
"చూశావా టేగన్! పట్టాలెక్కినట్టు పోతోంది!
నడుంనొప్పి వదిలిన మనిషిలా లేదూ!"
ఆరు సెకన్లు తగ్గాయి.

నేను చెప్పానా? చెప్పలేదు.
కడ్డీ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది,
గ్యాస్ సిలిండరు వెనక,
టేపు కూడా విప్పకుండా.

శనివారం ఇడ్వాల్ ఆ పెట్టె తెచ్చి
ఆమె ఒళ్లో పెట్టాడు.
నెస్టా ముఖం గురించి రాయను.
చాలాసేపటికి,
"అయితే ఆ ఆరు సెకన్లు ఎవరివి?" అంది.
"నీవే. నమ్మావు, బ్రేకు ఆలస్యంగా తొక్కావు.
బండి నీకేమీ ఇవ్వలేదు, నువ్వే దానికి అరువిచ్చావు."

కోపంగా, కారు పైకి లేపమంది.
టార్చి పట్టుకున్నది నేను.
వెనక కుడి బిగింపు పక్కన
గోటితో గీసినట్టు ఒక చీలిక,
అందులోంచి తుప్పు టీ మరకలా పారి ఉంది.
ముగ్గురం కాసేపు మాట్లాడలేదు.
నిన్న దాని మీదే పోయాం, కేకలు పెట్టుకుంటూ.

ఉక్కు రేకు కోసి నాలుగు చోట్ల అతికాడు.
కొత్త బుష్‌లు వేశాడు, రబ్బరువే.
అల్యూమినియంవి వేయమంటే తల అడ్డంగా ఊపాడు:
"పట్టు ఉన్నచోట విడుపూ ఉండాలమ్మా,
లేదంటే రోడ్డు మీద ప్రతి రాయీ
నీ పళ్లతో మాట్లాడుతుంది."
ఆ పైన కడ్డీ కూడా బిగించాడు,
ఆరు బోల్టులూ ఆమె చేత లెక్కపెట్టించి.

ఆదివారం. అవే పదిహేడు మలుపులు.
కేక లేదు.
పదకొండో మలుపులో ఒక గతుకుంది,
అక్కడికి రాగానే వెనక చక్రాలు రెండూ
తమలో తాము ఏదో అనుకునేవి ఎప్పుడూ.
ఈసారి ఏమీ అనుకోలేదు.
స్టాప్‌వాచ్ చూశాను,
శుక్రవారం కంటే రెండు సెకన్లు ఎక్కువ.
"చీలిక చూశాను కదా, అందుకు" అంది.

తర్వాతి వారం కడ్డీ విప్పి నడిపింది,
మళ్లీ బిగించి నడిపింది.
ఏది ఎప్పుడో నాకు చెప్పకుండా
పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది.
రెండుసార్లూ తప్పే చెప్పాను.

అతుకులు అలాగే ఉన్నాయి. రబ్బరూ ఉంది.
కడ్డీని షెడ్డు తలుపుకి అడ్డంగా పెట్టాం.
పడమటి గాలికి ఏళ్ల తరబడి
కొట్టుకుంటూనే ఉండేది ఆ తలుపు.
దాని సంగతైతే
ఒట్టేసి చెప్పగలను.